శరత్తులో వింత ఆచారాలు, గ్రంథాలయంలో కొత్త పుస్తకాలు

దమ్మపేట ప్రాంతంలో ఆశ్వయుజ, కార్తీక మాసాలకు ఒక్క పంచాంగం చాలదు. ఈ మండలం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. తూర్పున అశ్వారావుపేట, పడమట సత్తుపల్లి, దక్షిణాన ఆంధ్రప్రదేశ్ సరిహద్దు, ఉత్తరాన ములకలపల్లి వైపు అడవి. పామాయిల్, జామాయిల్, మామిడి తోటల నడుమ రైతుల ఊళ్లు, అడవి అంచున కోయ గూడేలు, పూసుకుంట లాంటి కొండరెడ్ల ఊరు. అందుకే వానలు వెనకబట్టి ఆకాశం తేటపడేసరికి ఇక్కడ మూడు వరసల పండుగలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. బతుకమ్మ తెలంగాణ పల్లెలది. అట్లతద్ది, నాగుల చవితి, పోలిపాడ్యమి కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వెంట తెచ్చుకున్నవి. కొత్తల పండుగ కోయలది, కొండరెడ్లది.

నాలుగో వరస ఒకటుంది. దానికి తిథి, నక్షత్రం లేవు, తారీఖే ఉంది. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు అవి. మొదటి మూడు వరసల్లో ఏవి పుస్తకాల్లోకి ఎక్కాయో, ఏవి ఎక్కలేదో లెక్క చూసుకుంటే, ఆ వారంలో బల్లమీద పరిచే కొత్త పుస్తకాలు ఎలా ఉండాలో తేలుతుంది.

బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దులతో ముగుస్తుంది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయల ఆకారంలో వండే పిండివంట, వెన్నముద్దలు, ఇలా రోజుకో నైవేద్యం, ఆ నైవేద్యం పేరే ఆ రోజు పేరు. తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడి పూలు అన్నీ ఈ రుతువులోనే విరగబూస్తాయి. తొమ్మిది రోజుల్లోనూ విచిత్రమైనది ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ అలకపూని ఉంటుంది. పూలు పేర్చరు, చుట్టూ తిరిగి ఆడరు, నైవేద్యం పెట్టరు. ఎప్పుడో బతుకమ్మను పేరుస్తుండగా మాంసం తగిలిందని, అందుకే అమ్మ అలిగిందని చెబుతారు. పండుగ నడిమధ్యన ఏమీ చేయకపోవడాన్నే ఆచారంగా పెట్టుకోవడం అరుదు. ఐదు రోజులు వరసగా చేలగట్లు, కుంటలు తిరిగి పూలు కోసిన చేతులకు అదొక విరామం కూడా. అలక కథ ముందు పుట్టిందా, విరామం అవసరం ముందు పుట్టిందా అన్నది తేల్చడం కష్టం.

బతుకమ్మకు పుస్తకాల కొరత లేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించాక పాటల సంకలనాలు, పిల్లల పుస్తకాలు, పరిశోధనలు వరసగా వచ్చాయి. అంతకు చాలా ముందే బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద చేసిన పరిశోధన ఇంటి ఆడవాళ్ల పాటకు విశ్వవిద్యాలయంలో పీట వేసింది. పండుగలు, ఆటలు, తిండి, బట్టల చరిత్ర తెలుసుకోవాలంటే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఈనాటికీ మొదట తీయవలసిన పుస్తకం. 1949లో వెలువడిన ఆ గ్రంథానికే 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగు విభాగంలో తొలి బహుమతి ఇచ్చింది. పాత పుస్తకమే అయినా, చినిగిన ప్రతి స్థానంలో కొత్త ముద్రణ వస్తే కొత్త పుస్తకంగానే లెక్కవేయాలి.

దసరాకు జమ్మి ఆకు బంగారం అవుతుంది. చీటీ మీద శ్లోకం, దాని కింద ఇంటిల్లిపాది పేర్లు రాసి జమ్మికొమ్మకు కడతారు. ఏడాదికోసారైనా ఇంటి పెద్ద చేతికి కలం వచ్చే సందర్భం అది. పొలిమేర దాటి వెళ్లి పాలపిట్టను చూడడం ఇంకో ఆచారం. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దాన్ని వెతుక్కుంటూ వెళ్లి చూసినంతకాలం అది మంచి ఆచారమే. పట్టుకొచ్చి పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని ఇంటింటికీ చూపించే పద్ధతి వచ్చాక పిట్టకు ముప్పు మొదలైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు నవంబరు 12, అంటే గ్రంథాలయ వారోత్సవాలకు రెండు రోజుల ముందు. పక్షుల బొమ్మల పుస్తకం ఒకటి బయటికి తీసి పెడితే, పాలపిట్టను బడిపిల్లలు పంజరం బయట కూడా గుర్తుపడతారు.

తారీఖులు, తిథులు ఢీకొంటే తమాషాలు పుడతాయి. 2025లో విజయదశమి సరిగ్గా అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు వచ్చింది. మాంసం, మందు లేకుండా దసరా ఊహించలేని పల్లెల్లో, మద్యం అమ్మకం నిషేధించిన రోజునే పండుగ పడింది. ముందురోజు దుకాణాల దగ్గర రద్దీ ఎందుకు పెరిగిందో వేరే చెప్పనక్కరలేదు.

నవరాత్రుల్లో పుస్తకానికి సంబంధించిన ఆచారమే అన్నిటికన్నా వింతది. మూలా నక్షత్రంనాడు సరస్వతీ పూజ. ఆయుధపూజనాడు నాగలి, ట్రాక్టరు, పామాయిల్ గెలలు కోసే కత్తి, బస్సు స్టీరింగు అన్నిటికీ పసుపు కుంకుమలు అందుతాయి. పుస్తకాలనూ కలాలనూ పూజలో పెడతారు. పూజలో పెట్టిన పుస్తకం ఉద్వాసన చెప్పేదాకా తెరవకూడదు. కేరళలో ఈ నియమం ఇంకా గట్టిది. అష్టమినాడు పుస్తకాలు కట్టగట్టి దేవుడి ముందు పెడితే విజయదశమి ఉదయం దాకా చదువూ రాతా ఉండవు. ఆ ఉదయమే పిల్లలకు అక్షరాభ్యాసం. చదువుల తల్లి పండుగకు చదవకపోవడమే నియమం అన్నమాట. పిల్లలకు ఇంతకన్నా నచ్చే ఆచారం ఇంకొకటి ఉండదు.

గ్రంథాలయ శాస్త్రం దీనికి నేరుగా ఎదురు నిలబడుతుంది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికేనని. బీరువాకు తాళం వేసి పుస్తకాన్ని కాపాడడం ఆయన దృష్టిలో కాపాడడమే కాదు. అదే ఏడాది అక్టోబరులో, తమిళనాడులోని మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి మీద గ్రంథాలయం పల్లెలకు బయల్దేరింది. అయినా పూజకు, సూత్రానికి పూర్తిగా వైరం లేదు. వానాకాలమంతా చెమ్మపట్టిన పుస్తకాలను బయటికి తీయడానికి, దుమ్ము దులపడానికి, చెదలు చూడడానికి నవరాత్రులే తగిన సమయం. వేపాకు, కలరా ఉండలు పెట్టి మళ్లీ సర్దడం ఇళ్లలోనూ గ్రంథాలయాల్లోనూ ఈ నెలల్లో జరిగే పనే. జపాన్‌లో పుస్తకాలను ఏటా గాలికీ ఎండకీ ఆరబెట్టే సంప్రదాయం తరాలుగా ఉంది. అక్కడ శరత్తును చదువుల రుతువంటారు. 1947 నుంచి నడుస్తున్న పఠన వారోత్సవం ఇప్పుడు ఏటా అక్టోబరు 27 నుంచి నవంబరు 9 దాకా, రెండు వారాలు సాగుతుంది.

తెలుగు సాహిత్యంలోనూ శరత్తుకు ఒక ముఖ్యమైన చోటుంది. నన్నయ భారతం ఆరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. మిగతా పర్వాన్ని ఎర్రన పూర్తి చేశాడు. అడవి కథ మధ్యలో, శరద్రాత్రి దగ్గర, ఆదికవి కలం ఆగిందన్న సంగతి అడవి అంచున ఉన్న పాఠకులకు చెప్పదగ్గది.

ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. ముందురోజు గోరింటాకు. తెల్లవారకముందే లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి తినడం, చీకట్లోనే వీధుల్లో ఆటలు, ఉయ్యాలలు. ఆ తరవాత పగలంతా ఉపవాసం, చంద్రుణ్ని చూశాక పదకొండు అట్ల వాయనం. ఆడపిల్లలు తెల్లవారుజామున వీధిలో పరుగెత్తి ఆడుకుంటే పెద్దలు కోప్పడని రోజు ఏడాదిలో ఇదొక్కటే. బతుకమ్మలో అట్ల రోజూ అట్లతద్దీ సుమారు రెండు వారాల తేడాలో వస్తాయి కాబట్టి, రెండూ చేసుకునే ఇళ్లలో అట్లపెనం పొయ్యి దిగదు.

దీపావళి వెళ్లిన రెండో రోజు కార్తీక శుద్ధ విదియ. ఆ రోజు మగవాడు సొంత ఇంట్లో తినకూడదు, అక్క ఇంటికో చెల్లెలి ఇంటికో వెళ్లి ఆమె చేతి వంట తినాలి. యముడు చెల్లెలు యమున ఇంటికి భోజనానికి వెళ్లిన రోజని కథ, భగినీ హస్త భోజనమని పేరు. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు ఒక్కటిగా కట్టి వెలిగిస్తారు. ఏడాది పొడుగునా వెలిగించని దీపాల బాకీ ఒక్క రాత్రిలో చెల్లు. ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు ఇక్కడ తోటలు వెతుక్కోనక్కరలేదు, అడవిలో ఉసిరి కాయలు దిగే కాలమూ ఇదే.

వీటన్నిటిలో కథ బలం ఉన్నది పోలిపాడ్యమికి. కార్తీక అమావాస్య మరునాడు తెల్లవారుజామున అరటిదొప్పల్లో దీపాలు పెట్టి చెరువులోనో కాలువలోనో వదులుతారు. పోలి ఒక ఇంటి చిన్నకోడలు. అత్త మిగతా కోడళ్లను వెంటబెట్టుకుని కార్తీక స్నానాలకు నదికి వెళుతుంది, పోలికి ఇంటి చాకిరీ అప్పజెబుతుంది, దీపం పెట్టకుండా నూనె, వత్తి కూడా అందనివ్వదు. పోలి పత్తిచెట్టు కింద రాలిన దూది ఏరి వత్తి చేసి, చిలికిన కవ్వానికి అంటిన వెన్న తీసి, దీపం వెలిగించి, ఎవరూ చూడకుండా దానిమీద బుట్ట బోర్లిస్తుంది. నెల గడిచేసరికి బొందితో స్వర్గానికి వెళ్లేది ఆమే. విమానం చూసి అత్తా తోడికోడళ్లూ ఆమె కాళ్లు పట్టుకుని వేలాడినా వాళ్లను దించేస్తారు. వ్రతకథల్లో ఇంత సూటిగా అత్తను ఓడించే కథ ఇంకోటి లేదు. గ్రంథాలయంలో పురాణాల బీరువాలో పడి ఉండే వ్రతకథల పుస్తకాన్ని కథల బీరువాలోకి మారిస్తే దాన్ని చదివేవాళ్లు పెరుగుతారు.

లంబాడీ తండాల్లో దీపావళి రాత్రి మేరా. పెళ్లికాని అమ్మాయిలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పాటలు పాడి, పెద్దల దీవెనలు తీసుకుంటారు. లంబాడీల జీవితం తెలుగు కథలోకి వచ్చింది కొంచెమే. రమేష్ కార్తీక్ నాయక్ కథల సంపుటి ‘ధావ్లో’కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం రావడంతో ఆ లోటు కొంత తీరింది. పెళ్లయి పుట్టింటిని విడిచే పిల్ల పాడే దుఃఖపు పాట పేరునే ఆ పుస్తకానికి పెట్టారు. దమ్మపేట లాంటి చోట తప్పకుండా ఉండవలసిన కొత్త పుస్తకం అది.

కోయల పండుగలకు తిథి లేదు. పంట చేతికొచ్చాక గూడెం పెద్దలు కూర్చుని రోజు నిర్ణయిస్తారు. కోయ మాటలో పండుగ పండుం. వేసవి చివర విత్తనాల పండుగ, వానల తరవాత కొత్తల పండుగ, చలి మొదలయ్యే వేళకు చిక్కుడు పండుగ. నియమం ఒక్కటే, గ్రామదేవతకు, పెద్దలకు పెట్టకుండా కొత్త గింజ గానీ, కొత్త కాయ గానీ నోట పెట్టకూడదు. పెరట్లో పందిరి నిండా చిక్కుడు కాసినా పండుగ కాకముందు కోయరు. కొండరెడ్లలోనూ ఇదే పద్ధతి, వాళ్లు కొత్త అంటారు. వేసవిలో మామిడి కొత్త ఉంటుంది, దానికి ముందు మామిడికాయ తినరు. పండుగరోజు డోలు మోగుతుంది, ఆడవాళ్లు చేతులు కలిపి రేలా పాటలకు అడుగులు వేస్తారు.

బయటివాళ్లకు ఇది మూఢనమ్మకంలా కనిపించవచ్చు. కాస్త ఆలోచిస్తే దీని వెనక కట్టుబాటు కనిపిస్తుంది. లేత కాయను ఎవరికి వారు తెంపుకుపోతే విత్తనానికి ముదురు కాయ మిగలదు, పంట పక్వానికి రాకముందే గాదె ఖాళీ అవుతుంది. అందరూ ఒకే రోజు మొదలుపెట్టాలన్న నియమంతో ఉన్నవాడూ లేనివాడూ కొత్త తిండి ఒకేసారి తింటారు. క్యాలెండరు కంపెనీలు అచ్చువేయలేని పండుగ ఇది, ఏ ఏడు ఏ తారీఖు వస్తుందో చెట్టుకే తెలుసు.

తిథి పండుగలూ అంతో ఇంతో కదులుతూనే ఉంటాయి. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠమాసం వల్ల నవంబరు 8కి జరిగింది. అంటే ఒక ఏడాది గ్రంథాలయ వారోత్సవాల నాటికి కార్తీక పౌర్ణమి దాటిపోతుంది, ఇంకో ఏడాది నాగుల చవితి మరునాడే వారోత్సవాలు మొదలవుతాయి. పోటీలు పెట్టేవాళ్లు, పిల్లలను పిలిచేవాళ్లు పంచాంగం చూసుకోవలసిందే.

కోయ, కొండరెడ్ల ఆచారాల గురించి అచ్చయిన సమాచారం లేకపోలేదు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940 దశకం మొదట్లో గోదావరి పక్క కొండల్లో తిరిగి కొండరెడ్ల మీద రాసిన పెద్ద గ్రంథం 1945లో వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది, పరిశోధకులకోసం రాసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో బడి వాచకాలు మొదలైనప్పుడు కోయకు కూడా తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. గుండెలో దాచుకున్న చరిత్ర ఇంకోవైపు ఉంది. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల గాథలు, కోయ వంశాల చరిత్ర నోటికి పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూశారు. అలాంటి మనిషి వెళ్లిపోతే ఒక గ్రంథాలయం తగలబడిందనడం మామూలే గానీ, అంతకన్నా గట్టి ప్రశ్న ఒకటుంది. ఆయన పాడిన దాంట్లో ఎంత భాగం ఇదే జిల్లా గ్రంథాలయాల్లో పిల్లలు చదువుకునే పుస్తకంగా మారింది? చిక్కుడు పండుగ మీద బొమ్మలతో, కోయలోనూ తెలుగులోనూ ఎదురెదురు పేజీల్లో ఉండే పుస్తకం ఈ ప్రాంతానికి అన్నిటికన్నా ముందు కావలసిన కొత్త పుస్తకం.

ఇక గ్రంథాలయాల సొంత పండుగ. భారత గ్రంథాలయ సంఘం 1968 నుంచి జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరిపిస్తోంది. నవంబరు 14 అనగానే నెహ్రూ పుట్టినరోజు, బాలల దినోత్సవం గుర్తుకొస్తాయి. ఆ తారీఖుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 1919 నవంబరు 14న మద్రాసులో తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాన్ని జరిపించింది తెలుగువాడు, అయ్యంకి వెంకటరమణయ్య. అంతకు ఐదేళ్ల ముందు, 1914 ఏప్రిల్‌లో, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులను ఒకచోట చేర్చిందీ ఆయనే. 1915లో ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక పెట్టారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

నిజాం రాజ్యంలో కథ వేరు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. తెలుగు సభ పెట్టుకోవడానికే అనుమతులు కావలసిన రోజుల్లో గ్రంథాలయం చదువుకునే చోటే కాదు, మనుషులు కలుసుకునే చోటు కూడా అయింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఆయన పుట్టింది 1915 నవంబరు 1న. వారోత్సవాలకు రెండు వారాల ముందే ఆయన ‘ప్రజల మనిషి’ నవలను బల్లమీద పెట్టడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. కోస్తాలో పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవ గ్రంథాలయమే నడిపారు.

ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్న దమ్మపేట, భద్రాచలాలకు గ్రంథాలయ చట్టాలు కూడా రెండు వైపుల నుంచి వచ్చాయి. దమ్మపేట వైపు హైదరాబాదు రాష్ట్రం, 1955 చట్టం. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, 1948 నాటి మద్రాసు చట్టం. 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టంతో రెండూ ఒక్కటయ్యాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది ముఖ్యంగా ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్నుతో. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి సంస్థకు జమ చేయాలి. ఆ జమ ఆలస్యమైతే కొత్త పుస్తకాలూ ఆలస్యమే. గ్రంథాలయంలో కొత్త పుస్తకం ఎందుకు లేదని అడిగే ఇంటి యజమాని ముందు తన ఇంటిపన్ను రసీదు చూసుకోవాలి. రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాలకు పుస్తకాల కొనుగోలులో తోడ్పడుతోంది. దాతలు ఇచ్చే పుస్తకాలు మూడో దారి. అయితే దాతలు ఇచ్చేవాటిలో ఇంట్లో చోటుచాలక ఇచ్చినవే ఎక్కువ.

కొత్త పుస్తకం వచ్చిన రోజే పాఠకుడి చేతికి రాదు. రిజిస్టరులో ఎక్కి యాక్సెషన్ నంబరు పడాలి. ముద్ర పడాలి. విషయాన్ని బట్టి వర్గ సంఖ్య రాయాలి. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానిది 894.827. వారోత్సవాల వారంలో ఈ పని త్వరగా జరుగుతుంది, ఎందుకంటే మొదటిరోజు పుస్తక ప్రదర్శన ఉంటుంది. తరవాతి రోజుల్లో వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, కవి సమ్మేళనం, మహిళలకు ముగ్గులు, చివరి రోజు బహుమతులు. ముగ్గుల పోటీకి వచ్చినవాళ్లలో సభ్యత్వం తీసుకునేది ఎందరో చూసుకుంటేనే వారోత్సవం ఫలించిందో లేదో తెలుస్తుంది.

మండల కేంద్రాల గ్రంథాలయాల్లో ఇప్పుడు కుర్చీలు నిండేది పోటీ పరీక్షలకు చదివే యువతీయువకులతో. వాళ్లకు కావలసిన కొత్త పుస్తకం అంటే కొత్త సిలబస్సు, ఈ ఏడాది వర్తమాన వ్యవహారాలు. వాటికి డబ్బు కేటాయించడం తప్పు కాదు. ఆ పుస్తకాలకు ఆయుష్షు ఏడాదే కాబట్టి మొత్తం డబ్బు వాటికే పోకూడదు. మిగతా డబ్బుకు కొన్ని పేర్లు చెప్పవచ్చు. కరువులో గొర్రెల మందలు తోలుకుని నల్లమల ఎక్కిన కాపరుల నవల ‘కొండపొలం’, సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డిది. గోరటి వెంకన్న కవితల ‘వల్లంకి తాళం’, 2021 అకాడమీ పురస్కారం పొందింది. పతంజలి శాస్త్రి కథలు ‘రామేశ్వరం కాకులు’, 2023 పురస్కారం. పిల్లలకు డి.కె. చదువులబాబు ‘వజ్రాల వాన’, పి. చంద్రశేఖర్ ఆజాద్ ‘మాయాలోకం’, రెండూ బాల సాహిత్య పురస్కారాలు పొందినవే. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల తెలుగులో ‘వనవాసి’గా ఉంది. అడవిని నరికించి భూములు పంచడానికి వచ్చిన ఉద్యోగి ఆ అడవికే మనసిచ్చుకోవడం దాని కథ. పోడు తగాదాల నేలమీద ఇంతకన్నా దగ్గరి నవల దొరకదు. నవంబరు 15 బిర్సా ముండా జయంతి, వారోత్సవాల్లో రెండో రోజే. అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ నవలను ఆ రోజుకు తీసిపెట్టవచ్చు. భీం వర్ధంతి జోడేఘాట్‌లో తారీఖును బట్టి కాక ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుగుతుంది.

ప్రపంచంలో మిగతావాళ్ల పుస్తకాల పండుగలూ కొన్ని ఈ నెలల్లోనే వస్తాయి. సెప్టెంబరు 30 అంతర్జాతీయ అనువాద దినోత్సవం, ఐక్యరాజ్యసమితి 2017లో గుర్తించింది. మహారాష్ట్రలో అబ్దుల్ కలాం పుట్టినరోజు అక్టోబరు 15ను పఠన ప్రేరణ దినంగా జరుపుతారు. అమెరికాలో 1982 నుంచి నిషేధిత పుస్తకాల వారం ఉంది. గ్రంథాలయాల నుంచి తీసేయమని ఎవరో పట్టుబట్టిన పుస్తకాలనే ఆ వారంలో ముందు వరసలో పెడతారు. ఐస్‌లాండ్‌లో కొత్త పుస్తకాల్లో ఎక్కువ భాగం శరత్తులోనే విడుదలవుతాయి, వాటి జాబితా ఇంటింటికీ పంచుతూ వచ్చారు, క్రిస్మస్ ముందురాత్రి పుస్తకాలు బహుమతులుగా ఇచ్చుకుంటారు. జాబితా ఇంటికి పంపడమన్నది పెద్ద ఖర్చు లేని పని. మండలంలోని బడులకు, గ్రామ పంచాయతీలకు కొత్త పుస్తకాల జాబితా ఒక్క కాగితం మీద వెళ్లినా చాలామందికి తెలుస్తుంది.

కావలసిన పుస్తకం పేరు, రచయిత పేరు పాఠకులు గ్రంథాలయంలో రాసివ్వవచ్చు. నవంబరు 14, 20 మధ్య వాళ్లు తమ దగ్గరి గ్రంథాలయానికి వెళ్లి ఆ పేర్లు రాసివ్వాలి. ఊళ్లో కొత్తల పండుగ పాటలు, పోలి కథలు తెలిసిన పెద్దవాళ్లుంటే వాళ్లనూ వెంట తీసుకువెళ్లాలి.